సేవ చేసేవారికి ఎవరు వడ్డిస్తారు?

అనకాపల్లి పక్కన శంకరం గ్రామంలో బొజ్జన్నకొండ ఎక్కినవాళ్ళు రాతిని తొలిచిన గుహలూ, గుమ్మానికి అటూ ఇటూ నిలబడ్డ ద్వారపాలకులూ, కొండరాతినే గుండ్రంగా మలిచి పైన ఇటుకలు పేర్చిన మహాస్తూపమూ చూస్తారు. నాలుగు ఫొటోలు తీసుకుని దిగిపోతారు. స్తూపం దగ్గరే వరసగా చిన్న చిన్న గదుల పునాదులుంటాయి. వాటి దగ్గర ఆగేవాళ్ళు తక్కువ. ఇరవయ్యో శతాబ్దం తొలి పదేళ్ళలో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపినప్పుడు బయటపడిన బౌద్ధ విహారం అది. కొన్ని వందల ఏళ్ళు అక్కడ భిక్షువులు బతికారు. వాళ్ళకీ జ్వరాలొచ్చి ఉంటాయి, విరేచనాలు పట్టుకుని ఉంటాయి, మోకాళ్ళు పీకి ఉంటాయి. ఇల్లూ వాకిలీ వదులుకున్నా ఒంటిని వదులుకోలేరు కదా. మరి సర్వం త్యజించిన సంఘం ఒంటి బాగోగుల విషయంలో ఏ కట్టుబాటు పెట్టుకుంది?

భిక్షువుల నియమాలు చెప్పే బౌద్ధుల వినయ గ్రంథాల్లో దీనికి జవాబు వివరంగానే ఉంది. భిక్షువు పొద్దు నడినెత్తి దాటాక భోజనం చేయకూడదు. అది కఠినమైన నియమం. కానీ జబ్బుపడిన భిక్షువులు చిక్కిపోయి, ఒంటి రంగు తేలిపోయి ఉండటం చూసి బుద్ధుడు ఐదు పదార్థాలను ఔషధాలుగా ఎప్పుడైనా తీసుకోవచ్చని సడలింపు ఇచ్చాడు. నెయ్యి, వెన్న, నూనె, తేనె, చెరకు పాకం. మరోచోట బెల్లం మాట కూడా వస్తుంది. జబ్బుగా ఉన్నవారు బెల్లం తినవచ్చు, ఆరోగ్యంగా ఉన్నవారు దాన్ని నీళ్ళలో కలుపుకుని తాగవచ్చు. మనం శ్రీరామనవమికి చేసుకునే పానకం లాంటిదే అనుకోండి. దేశంలోనే పేరున్న బెల్లం మార్కెట్టు ఉన్న అనకాపల్లిలో పుట్టినవాళ్ళకు ఈ సంగతి వింటే ముచ్చటేస్తుంది. అయితే నేను చెప్పదలచుకున్నది బెల్లం గొప్పతనం కాదు. నీరసించిన భిక్షువు చాటుగా నియమం తప్పి ఏదో నోట్లో వేసుకునే పరిస్థితి అక్కడ లేకుండా చేశారు. ఒంటికి కావలసినదాన్ని నియమంలోనే చేర్చారు. మన దగ్గర సేవ చేసేవాళ్ళ ఆరోగ్యం ఎవరి ఓపికకు వాళ్ళకు వదిలేసిన వ్యవహారంగా ఉండిపోయింది. అది మారాలని నా పట్టుదల.

కొత్త అమావాస్యకు అనకాపల్లి గవరపాలెంలో నూకాంబిక అమ్మవారి జాతర మొదలవుతుంది. అప్పటికే ఎండలు ముదురుతుంటాయి. చలివేంద్రాల్లో మజ్జిగ కుండలు, పులిహోర పొట్లాలు, క్యూలైన్లలో నీళ్ళ ప్యాకెట్లు అందించే కుర్రాళ్ళు. కార్తీకం వస్తే వనభోజనాలు, సోమవారాల అన్నదానాలు. ఆ వెనకే అయ్యప్ప మాలలు, స్వాములకు భిక్షలు. ఈ పనులన్నీ జీతం లేని మనుషుల చేతుల మీదుగా నడుస్తాయి. వంటశాలలోకి ఒకసారి తొంగిచూడండి. తెల్లవారుజామునే గాడిపొయ్యి రాజుకుంటుంది. పచ్చి కట్టె అయితే పొగ కళ్ళలోకి, ఊపిరితిత్తుల్లోకి. గుండిగకు గుడ్డ చుట్టి ఇద్దరు చెరోవైపు పట్టుకుని గంజి వారుస్తారు. ఆ ఆవిరి మొహానికి కొడుతుంది, నడుం వంగి ఉంటుంది, కింద నేల తడిగా జారుతుంటుంది. పంక్తి వెనక పంక్తి లేచి, ఆఖరి విస్తరి తీసేసరికి మూడవుతుంది. అప్పుడు వండి వడ్డించిన ఆడవాళ్ళు అడుగు అన్నం, చల్లారిన సాంబారు, అయిపోగా మిగిలిన పచ్చడి కలుపుకుని తింటారు. వాళ్ళలో కొందరికి ఆ రోజు ఉపవాసం కూడా. తిన్నారా అని అడిగితే "అందరివీ అయ్యాక తింటాం లెండి" అంటారు, నవ్వుతూ. ఆ నవ్వు నిజమైనదే. అందుకే దాన్ని చూసి మనం ఊరుకోకూడదు.

కోస్తా ఎండ గురించి ఒక్క మాట. ఒంట్లో వేడి బయటికి పోయే ముఖ్యమైన దారి చెమట. అయితే చెమట పడితే చాలదు, అది ఆరాలి. ఆరినప్పుడే ఒళ్ళు చల్లబడుతుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరక కారిపోతుంది. నీరూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం లోపలే ఉంటుంది. దానికి పొయ్యి సెగ తోడైతే? పైగా మంచినీళ్ళు కూడా ముట్టని ఉపవాసమైతే? ముందు తలనొప్పి, పిక్కలు పట్టేయడం, వికారం. మాట తేడాగా వచ్చి, మనిషి అయోమయంగా చూస్తూ, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి విసురుతూ 108కి ఫోను చేయాలి. మజ్జిగ పంచే మనిషి తాను మజ్జిగ తాగకుండా పడిపోవడం కంటే బాధాకరమైనది ఏముంది?

మళ్ళీ వినయ గ్రంథానికి వస్తాను. అందులో ఒక సంఘటన ఉంది. బుద్ధుడూ ఆయన శిష్యుడు ఆనందుడూ విహారంలో గదులు చూస్తూ వెళ్తుంటే, ఒక భిక్షువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. పలకరించే దిక్కు లేదు. ఎందుకు ఎవరూ చూడటం లేదని అడిగితే, నేను వాళ్ళకు ఏ పనీ చేసిపెట్టను, అందుకే చూడరు అని ఆ రోగి జవాబు. బుద్ధుడు ఆనందుణ్ణి నీళ్ళు తెమ్మన్నాడు. తాను పోస్తుంటే ఆనందుడు కడిగాడు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్ళవైపు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. తరవాత భిక్షువులందరినీ పిలిపించి మందలించాడు. మీకు ఇక్కడ తల్లీ లేదు, తండ్రీ లేడు, ఒకరినొకరు మీరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని నిలదీశాడు. తనకు సేవ చేయాలనుకునేవారు రోగికి సేవ చేయాలని చెప్పాడు.

ఈ కథను రోగిసేవ గొప్పదని చెప్పడానికి వాడుతుంటారు. నాకు మాత్రం అందులో ఆ రోగి జవాబే ఎక్కువగా తగులుతుంది. పని చేయగలిగినంతకాలమే మనిషికి విలువ అన్న లెక్క ఆ పవిత్రమైన సంఘంలోకి కూడా జొరబడింది. సేవా బృందాల్లో ఇది ఎంత సులువుగా జరుగుతుందో మనకు తెలుసు. పదేళ్ళు కూరగాయలు తరిగిన ఆవిడ రెండు నెలలుగా రాకపోతే, ఆ జాగాలో ఇంకొకరు కూర్చుంటారు. ఆవిడ ఎందుకు రావడం లేదో కనుక్కోవడానికి ఎవరైనా ఆ ఇంటికి వెళ్ళారా?

బుద్ధుడు మందలించి వదిలేయలేదు. జబ్బుపడినవాణ్ణి ఎవరు చూడాలో వరస పెట్టాడు. గురువు ఉంటే గురువు, శిష్యుడుంటే శిష్యుడు, తోటివాడుంటే తోటివాడు, ఎవరూ లేకపోతే సంఘమంతా. చూడకపోతే తప్పు. అక్కడితోనూ ఆగలేదు, రోగికీ బాధ్యత పెట్టాడు. పడని పనులు చేసేవాడు, పడేవాటిలోనూ మోతాదు తెలియనివాడు, మందు వేసుకోనివాడు, జబ్బు ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పనివాడు, నొప్పి ఓర్చుకోలేనివాడు. వీళ్ళకు సేవ చేయడం కష్టమని చెప్పాడు. జబ్బు దాచిపెట్టడం నిబ్బరం అనిపించుకోదు. అది చూసుకునేవాళ్ళ పని కష్టం చేస్తుంది.

మన బృందాల్లో ఎక్కువగా దాచిపెట్టేది షుగరు. చెబితే పనిలోంచి తప్పిస్తారని ఒక భయం, దీక్షలో ఉండి మందులేమిటంటారని ఇంకో భయం. ఇందులో ప్రాణం మీదికి వచ్చే సంగతి ఉంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. షుగరు మందులన్నీ ఒక్కలాంటివి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఉపవాసంలో చక్కెర మరీ పడిపోయే ప్రమాదం తక్కువ. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు ఒంటిచేత ఇన్సులిన్ ఎక్కువగా విడుదల చేయిస్తాయి. తిండి లేకపోయినా వాటి పని అవి చేసుకుపోతాయి. ఇన్సులిన్ ఇంజక్షన్ సంగతీ అంతే. ఎప్పటిలాగే పొద్దున్నే మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా, పొయ్యి దగ్గర నాలుగు గంటలు నిలబడితే రక్తంలో చక్కెర 70 కంటే కిందికి దిగిపోవచ్చు. చల్లచెమటలు, చేతుల వణుకు, గుండెదడ, కళ్ళు మసకలు, ఆ తరవాత మాట తడబడటం, ఊగిపోవడం. జాతర సందట్లో దాన్ని పూనకమని దండం పెట్టుకునే అవకాశం కూడా ఉంది. ఆ క్షణంలో చేయవలసింది మూడు చెంచాల గ్లూకోజో పంచదారో నీళ్ళలో కలిపి తాగించడం, అదీ లేకపోతే బెల్లం ముక్క ఇవ్వడం. పావుగంటలో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఊపిరికి అడ్డుపడుతుంది. 108 పిలవాలి.

ఉపవాసం భంగమవుతుందే అని ఆ సమయంలో ఎవరైనా వెనకాడితే, వాళ్ళకు పైన చెప్పిన ఐదు ఔషధాల సంగతి చెప్పండి. ఉపవాసం ఉండాలనుకుంటే వారం ముందే డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఆ రోజు ఏ మాత్ర తగ్గించాలో, ఏది మానాలో అడిగి రాయించుకోవాలి. మందు పూర్తిగా మానేసి దీక్ష చేయడం, ఎప్పటిలా మాత్ర వేసుకుని తినకుండా ఉండటానికి తిరగబడ్డ తప్పు. మండలం రోజుల పాటు చక్కెర అదుపు తప్పితే మూత్రపిండాలూ కళ్ళూ దెబ్బతినే దారి పడుతుంది. ఇంకో మాట, మా వైపు చాలామంది నమ్మేది. పంచదార చెడ్డది కానీ బెల్లం తింటే షుగరు పెరగదని. పెరుగుతుంది. బెల్లంలోనూ ఎక్కువ భాగం అదే చక్కెర. ప్రసాదమని చక్కెరపొంగలి దొప్పెడు తినేవారు ఇది గుర్తుపెట్టుకోవాలి. చక్కెర పడిపోయినప్పుడు మందయ్యేదీ, మిగతా రోజుల్లో చేటయ్యేదీ అదే బెల్లం. మోతాదు తెలియాలని రోగికి చెప్పిన మాట ఇక్కడే పనికొస్తుంది.

ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకు మన జిల్లా నుంచీ జనం కదులుతారు. 32 కిలోమీటర్లు, చాలామంది చెప్పులు లేకుండా, చతుర్దశి నాడు మొదలుపెట్టి రాత్రంతా నడుస్తారు. ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవారికి అరికాళ్ళలో నరాలు మొద్దుబారతాయి. గాజుపెంకు గుచ్చుకున్నా, తారురోడ్డు చురుక్కుమన్నా తెలియదు. ఇంటికి వచ్చాక బొబ్బ చితికి, పుండు పడి, మానక, వేలు తీసేయవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది. నొప్పి లేకుండా నడిచాను, అంతా స్వామి దయ అనుకునేవారిలో కొందరికి అది నరాల జబ్బు గుర్తు.

అరికాళ్ళ విషయంలోనూ వినయ గ్రంథంలో ఒక కథ ఉంది. ఈ వ్యాసంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా చెప్పాలనుకున్నది అదే. సోణుడనే శ్రీమంతుడి బిడ్డ, పాదాలు నేలకు ఆనించి ఎరగనంత సుకుమారుడు, భిక్షువయ్యాడు. పట్టుదలతో నడక ధ్యానం చేసి చేసి పాదాలు చిట్లి, నడిచిన దారంతా నెత్తురైంది. ఇంత చేసినా ఫలితం లేదు, ఇంటికి పోయి దానధర్మాలు చేసుకుంటే నయమేమో అనుకున్నాడు. బుద్ధుడు వచ్చి, నువ్వు వీణ వాయించేవాడివి కదా, తీగలు మరీ బిగిస్తే పలుకుతాయా, మరీ వదులైతే పలుకుతాయా అని అడిగాడు. ఈ ముక్క అందరికీ తెలుసు. తరవాతి ముక్కే ఎవరూ చెప్పరు. నీకు చెప్పులు వేసుకోవడానికి అనుమతి ఇస్తున్నానని బుద్ధుడంటే సోణుడు ఒప్పుకోలేదు. బండ్లకొద్దీ బంగారాన్నీ ఏనుగులనూ వదిలి వచ్చినవాణ్ణి, ఇప్పుడు చెప్పుల మీద మోజుపడ్డాడని లోకం అంటుంది. సంఘమంతటికీ అనుమతి ఇస్తే నేనూ వేసుకుంటాను అన్నాడు. బుద్ధుడు అందరికీ ఇచ్చాడు.

ఒక్కడికి ఇచ్చిన మినహాయింపు అవమానంగా తోస్తుంది, అందరికీ పెట్టిన నియమం రక్షణ అవుతుంది. మనం చేసే పొరపాటు ఇక్కడే ఉంది. "పిన్నిగారూ, మీకు మోకాళ్ళ నొప్పులు కదా, మీరు కూర్చోండి" అంటే ఆవిడ ఛస్తే కూర్చోదు. కూరగాయలు తరిగే చోట పది కుర్చీలు వేస్తే అందరితో పాటు కూర్చుంటుంది. ఫలానాయన షుగరు మనిషి, ఆయనకు ముందు పెట్టండి అని అరిస్తే ఆయన రేపటి నుంచి రాడు. వడ్డించేవాళ్ళంతా మొదటి పంక్తికి ముందే తినాలని నియమం పెడితే పేచీ లేదు. భక్తులు తినకుండా ముందు మనం తినడమేమిటని కొందరు నొచ్చుకుంటారు. దేవుడికి నైవేద్యం అయ్యాక వడ్డించేవారు నాలుగు ముద్దలు తిని పంక్తిలోకి దిగితే అపచారమేమీ లేదని పెద్దవాళ్ళు, పూజారులు ఒక్కసారి మైకులో చెబితే ఆ సంకోచం తీరిపోతుంది. తిరుమలలో శ్రీవారి సేవకులు జట్లుగా వచ్చి, ఇన్ని రోజులని ముందే అనుకుని, వంతుల ప్రకారం పని చేసి వెళ్ళిపోతారు. వంతు ముగిశాక ఇంకా చేస్తానని మొండికేయడానికి వీల్లేని పద్ధతి అది. చిన్న ఊళ్ళలో మాత్రం అదే పదిమంది పొద్దున్నుంచి రాత్రిదాకా.

ఒంటి సంగతి ఇది. మనసు అలసట కూడా ఉంది, దాని మీద ఒక విశేషం. అతిగా పని చేసి మనిషి లోపల కాలిపోవడం గురించి, బర్న్‌అవుట్ అంటూ, 1974లో తొలిసారి వైద్యపరంగా వివరంగా రాసినవారిలో న్యూయార్క్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బెర్గర్ ముఖ్యుడు. ఆయన దాన్ని చూసింది పెద్ద కంపెనీల్లో కాదు. బీదవారికి ఉచితంగా వైద్యం చేసే క్లినిక్‌లో స్వచ్ఛందంగా పని చేసేవారిలో, తనలో. పగలంతా సొంత ప్రాక్టీసు, రాత్రి పొద్దుపోయేదాకా ఉచిత సేవ. అందరికంటే అంకితభావం ఉన్నవారే ముందు దెబ్బతింటున్నారని గమనించాడు. నిద్ర పట్టదు, చిన్నదానికి విసుగు, ఎవరికోసం వచ్చారో వాళ్ళ మీదే చిరాకు. నేను లేకపోతే ఇక్కడ ఏదీ జరగదనే నమ్మకం బలపడుతుంది. క్యూలో ముసలమ్మ మీద కసురుకునే సేవకుణ్ణి చూస్తే పొగరనుకుంటాం. రెండు రాత్రులుగా ఆయన కునుకు తీశాడో లేదో కనుక్కోవాలి.

మహానుభావులు ఒళ్ళు చూసుకున్నారా అని ఒక ఎదురుప్రశ్న వస్తుంది. న్యాయమైనదే, దాటవేయకూడదు. వివేకానందుడు 1897లో రామకృష్ణ మిషన్ స్థాపించి, మధుమేహంతో, ఉబ్బసంతో బాధపడుతూనే పని చేసి 1902 జులై 4న వెళ్ళిపోయాడు. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్ళు. ఇన్సులిన్ కనుక్కున్నది 1921లో. ఆయన కాలంలో ఆ జబ్బుకు మందే లేదు. మందు లేక బాధ భరించినవారిని చూసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరికే మాత్రను మనం మానేయడం ఆయన బాటలో నడవడం కాదు. డొక్కా సీతమ్మగారు 1909 దాకా లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవారికీ అన్నం పెట్టారంటే అది దశాబ్దాలు నిలిచిన వ్రతం. అంతకాలం చేయాలంటే చేసే మనిషి నిలబడాలి. భగవద్గీత ఆరో అధ్యాయం అతిగా తినేవాడితో పాటు బొత్తిగా తిననివాడికీ, ఎప్పుడూ మేలుకునేవాడికీ యోగం కుదరదంటుంది. పదిహేడో అధ్యాయమైతే శాస్త్రం చెప్పని తీరులో ఒంటిని హింసించే తపస్సును ఆసుర స్వభావంతో జతచేస్తుంది. ప్రాణాలొడ్డవలసిన సందర్భాలు లేవని నేననను. వరదలో పిల్లవాడు కొట్టుకుపోతుంటే ఎవరూ తన బీపీ చూసుకుని దూకరు. ఏటా వచ్చే అన్నదానం అలాంటి ఆపద కాదు. దానికి తేదీ ముందే తెలుసు.

గుడి బయట ఇళ్ళలో జరిగే సేవ గురించి ఎక్కడా రాయరు. పక్షవాతంతో మంచాన పడ్డ అత్తగారిని మూడేళ్ళుగా తిప్పి పడుకోబెట్టే కోడలికి జట్టు లేదు, వంతు లేదు, సెలవు లేదు. ఆవిడ నడుంనొప్పి, నిద్రలేమి ఎవరి లెక్కలోనూ ఉండవు. ఎవరూ లేకపోతే సంఘమే చూడాలన్న వరసను ఇక్కడికి తెచ్చుకోవచ్చు. భజన బృందంలోనో, మహిళా సంఘంలోనో ఉన్నవారు వారానికి ఒక పూట ఆ ఇంటికి వెళ్ళి, నువ్వు వెళ్ళి పడుకో అమ్మా, నేను చూస్తానని కూర్చుంటే అదీ సేవాకార్యక్రమమే. దానికి ఫ్లెక్సీ ఉండదు.

జాతరకో, కార్తీకానికో కమిటీ కూర్చున్నప్పుడు పందిరి, మైకు, కిరాణా ఖర్చులు రాసుకునే పుస్తకంలోనే ఇంకో పేజీ తీయండి. వచ్చే సేవకుల పేర్లు, ఇంట్లోవాళ్ళ ఫోను నంబరు, ఏ మందులు వాడతారు, ఆ రోజు ఉపవాసమా కాదా. ఈ నాలుగూ రాసి ఒక్కరి దగ్గరే ఉంచాలి, పదిమంది నోళ్ళలో నానకూడదు. నాలుగు గంటలకొక వంతు. పొయ్యి దగ్గర ఉండేవారికి గంటకోసారి నీళ్ళో మజ్జిగో చేతికిచ్చే పని ఒక కుర్రాడికి అప్పజెప్పండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు, గ్లూకోజు పొడి, చక్కెర చూసే మిషను, బీపీ మిషను. పందిరి ఖర్చులో ఇవి ఎన్నోవంతు?

అన్నిటికంటే కష్టమైనది, ఏళ్ళుగా గుండిగ దింపుతున్న పెద్దాయనకు ఇక అది వద్దని చెప్పడం. పని తీసేస్తే ఆయన ఇంట్లో కుంగిపోతాడు. వయసు పైబడ్డవారి పని మారాలి, చోటు మారకూడదు. ఎసరు ఎంత పోయాలో, వెయ్యిమందికి పప్పు ఎంత నానెయ్యాలో ఆయనకు చేతికొలత. కొత్తగా వచ్చిన పిల్లలకు అది నేర్పే పని ఇవ్వండి, పొయ్యికి దూరంగా కుర్చీ వేసి, ఆయనకు అన్నం పెట్టిన తరవాత.